మెయిన్ క్యాంపస్ కాదు, మేజర్ ముఖ్యం: ఒక బ్రాంచ్ క్యాంపస్ కేసు

విద్యార్థినికి 18 ఏళ్లు. తండ్రి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, అమ్మాయి దానికి అనుబంధంగా కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద అమెరికాలో ఉన్నారు. వాళ్లుండే రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి దరఖాస్తు పెడితే, మెయిన్ క్యాంపస్‌లో సీటు లేదు, బ్రాంచ్ క్యాంపస్‌లో మొదలుపెట్టి తర్వాత రావచ్చని జవాబొచ్చింది. బ్రాంచ్ ఇంటికి దగ్గరే కాబట్టి చేరింది. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్ గ్రేడ్లు చూసుకుని, జనవరిలో తల్లిదండ్రులూ అమ్మాయీ ముగ్గురూ నా దగ్గరకొచ్చారు. నేను అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాకాలం అకడమిక్ అడ్వైజర్‌గా చేసి, ఇప్పుడు విడిగా సలహాలిస్తున్నాను. కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరి పేరూ యూనివర్సిటీ పేరూ చెప్పను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

తండ్రి ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు తెరిచారు. పది యూనివర్సిటీలు, వాటి ర్యాంకులు, గడువు తేదీలు, అప్లికేషన్ ఫీజులు. "వీటన్నిటికీ ట్రాన్స్‌ఫర్ పెట్టేద్దాం మేడం, ఏదో ఒకటి తగలకపోదు" అన్నారు. తల్లి బాధ వేరు. అమ్మాయి ఎక్కడ చదువుతోందని నలుగురూ అడిగితే యూనివర్సిటీ పేరు చెప్పి ఊరుకుంటున్నారట. క్యాంపస్ ఏదని మళ్లీ ఎవరైనా అడిగితే మాట మారుస్తున్నారట. అమ్మాయి మాత్రం నోరు విప్పలేదు.

"అక్కడ నిన్ను పేరుతో పలకరించే ప్రొఫెసర్ ఎవరమ్మా?" అని అడిగాను. ఫోన్ తీసి టైమ్‌టేబుల్లో పేర్లు వెతికింది. మధ్యాహ్నం ఎక్కడ తింటావని అడిగితే, "పార్కింగ్‌లో, కార్లోనే ఆంటీ" అంది. అడ్వైజర్‌ని కలిశావా అంటే, ఓరియంటేషన్ రోజున ఒకసారి చూశానంది. క్లాసు, కారు, ఇల్లు. ఎలాగూ వెళ్లిపోయే చోటే కదా అని అక్కడ ఎవరితోనూ పరిచయం పెట్టుకోలేదు. బ్రాంచ్ క్యాంపస్ పిల్లల్లో ఇది నాకు కొత్త కాదు. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుకు కావలసినవన్నీ తయారయ్యేది మాత్రం ఆ క్యాంపస్‌లోనే.

కేసులో అసలు చిక్కు

వాళ్లు అడిగింది మెయిన్ క్యాంపస్‌కి ఎప్పుడు వెళ్తుందని. నేను తేల్చాల్సింది ఆమె ఏ మేజర్‌లోకి, అంటే డిగ్రీలో ఏ ప్రధాన సబ్జెక్టులోకి, ఏ దారిన వెళ్తుందని. అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ రెండిటికీ తలుపులు వేర్వేరు. క్యాంపస్ మారడానికి చాలా చోట్ల కొన్ని క్రెడిట్లు (ఒక్కో కోర్సు ఎంత పెద్దదో చెప్పే లెక్క), ఒక మోస్తరు జీపీఏ (4కి లెక్కగట్టే గ్రేడ్ల సగటు) చాలు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్, నర్సింగ్ లాంటి మేజర్లకు మాత్రం గేటు విడిగా ఉంటుంది. మొదటిది దాటిన పిల్లలు రెండోదాని ముందు ఆగిపోవడం ఏటా చూస్తుంటాను.

టెక్సస్‌లో ఉండే తెలుగువాళ్లు 'క్యాప్' గురించి వినే ఉంటారు. యూటీ ఆస్టిన్‌లో సీటు రాని రాష్ట్ర విద్యార్థుల్లో కొందరికి యూటీ సిస్టమ్‌లోని వేరే క్యాంపస్‌లో మొదటి ఏడాది చదివే అవకాశమిస్తారు. అక్కడ 30 క్రెడిట్లు, 3.2 జీపీఏ తెచ్చుకుంటే ఆస్టిన్‌లో సీటు ఖాయం. అయితే ఆ హామీ భాషలు, చరిత్ర, సామాజిక శాస్త్రాల్లాంటివి చెప్పే లిబరల్ ఆర్ట్స్ కాలేజీకే. కంప్యూటర్ సైన్స్ కావాలంటే మిగతా అందరితో పోటీ పడాల్సిందే. 'ఆస్టిన్ గ్యారంటీ' అని విని పిల్లల్ని చేర్పించి, ఏడాది తర్వాత ఈ సంగతి తెలిసి కంగుతిన్న తల్లిదండ్రుల ఫోన్లు నాకు వస్తూనే ఉంటాయి.

మన అమ్మాయి యూనివర్సిటీ నిబంధన కూడా అలాంటిదే. క్యాంపస్ మారడానికి 2.0 ఉంటే చాలు. కంప్యూటర్ సైన్స్‌లోకి అడుగుపెట్టాలంటే 40 నుంచి 60 క్రెడిట్ల మధ్య ఉన్నప్పుడు దరఖాస్తు చేసుకోవాలి. మొత్తం జీపీఏ 3.2కి తగ్గకూడదు. కాల్క్యులస్ 1, 2, ప్రోగ్రామింగ్ 1, 2, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్ పూర్తయి ఉండాలి, అన్నిట్లోనూ కనీసం సీ రావాలి. ఇదంతా యూనివర్సిటీ కేటలాగ్‌లో ఉంది. ఎక్సెల్ షీటులో దీనికి ఒక్క గడి కూడా లేదు.

ఫాల్ గ్రేడ్లు కాగితం మీద వేశాం. 4 క్రెడిట్ల కాల్క్యులస్-1లో బీ, 3 క్రెడిట్ల ప్రోగ్రామింగ్‌లో ఏ, 3 క్రెడిట్ల ఇంగ్లీషులో ఏ మైనస్, 3 క్రెడిట్ల కెమిస్ట్రీలో సీ ప్లస్, 1 క్రెడిట్ ల్యాబ్‌లో బీ. ఏకి 4, ఏ మైనస్‌కి 3.67, బీకి 3, సీ ప్లస్‌కి 2.33 చొప్పున క్రెడిట్లతో గుణించి పాయింట్లు కూడితే 45, క్రెడిట్లు 14. జీపీఏ 3.21. "3.2 అన్నారుగా, సరిపోయినట్టే" అన్నారు తండ్రి. జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్‌లో తీసుకోబోయే 17 క్రెడిట్లలోనూ బీలే వస్తే ఏమవుతుందో ఆయన్నే లెక్క కట్టమన్నాను. 45కి 51 కలిపితే 96, దాన్ని 31తో భాగిస్తే 3.10. గేటు మూసుకుపోయినట్టే. ఆయన ఇంకోసారి లెక్క కట్టి చూసుకున్నారు.

ఆ కెమిస్ట్రీ ఎందుకు తీసుకున్నావంటే, "ఇంజనీరింగ్ వాళ్లందరికీ కావాలని సీనియర్ చెప్పాడు ఆంటీ" అంది. ఈ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి దాని అవసరమే లేదు. అందులో వచ్చిన సీ ప్లస్ మాత్రం జీపీఏలో ఉండిపోతుంది.

క్యాంపస్ మార్పు, ట్రాన్స్‌ఫర్

ఒకే యూనివర్సిటీలో క్యాంపస్ మారితే క్రెడిట్లూ గ్రేడ్లూ జీపీఏ అన్నీ వెంట వస్తాయి. పెన్ స్టేట్‌లో 2+2 అని పిలిచేది ఇదే. రెండేళ్లు వాళ్లు కామన్వెల్త్ క్యాంపస్ అని పిలిచే బ్రాంచ్‌లో, మిగతా రెండేళ్లు మెయిన్ క్యాంపస్ అయిన యూనివర్సిటీ పార్క్‌లో. పట్టా మీద క్యాంపస్ పేరు కూడా ఉండదు. వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయితే మామూలుగా క్రెడిట్లే వెళ్తాయి, జీపీఏ సున్నా నుంచి మొదలవుతుంది. గ్రేడ్లు దెబ్బతిన్న పిల్లలకు అదొక వరం. కానీ వెళ్లిన ప్రతి క్రెడిటూ డిగ్రీకి పనికొస్తుందని కాదు. సరిపోయే కోర్సు వాళ్ల దగ్గర లేకపోతే 'ఎలెక్టివ్' అని ఒక మూలన పడేస్తారు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో 31 క్రెడిట్లు కనిపిస్తాయి, డిగ్రీలో మాత్రం ఏడాది వెనకే ఉంటారు.

తండ్రి షీటులోంచి ముందు బర్క్‌లీని కొట్టేశాం. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్లలో తమ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల పిల్లలకే పెద్దపీట వేస్తాయి. పైగా వాళ్లు చూసేది 60 సెమిస్టర్ క్రెడిట్లతో మూడో ఏడాదిలో చేరేవాళ్లను. వేరే రాష్ట్రంలో నాలుగేళ్ల యూనివర్సిటీ నుంచి, అదీ మొదటి ఏడాది తర్వాత వెళ్తానంటే అవకాశం దాదాపు లేనట్టే. కంప్యూటర్ సైన్స్‌లో ట్రాన్స్‌ఫర్లనే తీసుకోనివి, ఇంటర్నేషనల్ విద్యార్థులకు ఆర్థిక సాయం చేయనివి తీసేస్తే పది కాస్తా మూడయ్యాయి. ఆ మూడూ పెట్టమన్నాను. ట్రాన్స్‌ఫర్ వద్దని నేనెప్పుడూ అనను. ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని ఉన్న చోట చదువు గాలికొదిలితే మాత్రం రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

చేసిన పని

నేను పెట్టిన మొదటి షరతు బ్రాంచ్ అడ్వైజర్‌ని కలవడం. "ఆవిడకేం తెలుస్తుంది మేడం, మెయిన్ క్యాంపస్ వాళ్లనే అడుగుదాం" అన్నారు తండ్రి. అమ్మాయిని ఒక్కదాన్నే పంపాను. ఆ అడ్వైజర్ స్క్రీన్ మీద 'వాట్-ఇఫ్' ఆడిట్ (ఫలానా మేజర్ ఎంచుకుంటే ఏ కోర్సులు పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే పట్టిక) తెరిచి, మేజర్ గడిలో కంప్యూటర్ సైన్స్ అని పెట్టిందట. పూర్తయిన కోర్సుల పక్కన పచ్చ టిక్కులు, మిగిలినవాటి పక్కన ఎర్ర గడులు. కెమిస్ట్రీ అన్నిటికన్నా కింద, 'ఇతర ఎలెక్టివ్‌లు' అన్న చోట కూర్చుని ఉంది. మిగతా పేజీ అంతా ఎరుపే. అమ్మాయి దాని ప్రింటు తీసుకొచ్చి నా ముందు పెట్టింది. నాలుగు నెలల చదువు డిగ్రీలో ఎక్కడ పడిందో ఆమె చూడటం అదే మొదటిసారి.

అసలు అడ్డంకి బయటపడింది కూడా ఆ ప్రింటుతోనే. బ్రాంచ్‌లో డేటా స్ట్రక్చర్స్ స్ప్రింగ్‌లో మాత్రమే చెబుతారు. చిన్న క్యాంపస్‌లలో ఇది మామూలే. అధ్యాపకులు తక్కువ కాబట్టి పైస్థాయి కోర్సు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఈ స్ప్రింగ్‌లో ప్రోగ్రామింగ్-2 చేస్తే, డేటా స్ట్రక్చర్స్‌కి మళ్లీ వచ్చే ఏడాది స్ప్రింగ్ దాకా ఆగాలి. అంటే మేజర్‌కి దరఖాస్తు రెండో ఏడాది చివర్లో. ఫలితం వచ్చేది వేసవిలో. ఈలోపు మెయిన్ క్యాంపస్‌లో మూడో ఏడాది కోర్సుల రిజిస్ట్రేషన్ అయిపోతుంది, మిగిలిన సీట్లు ఏరుకోవాలి. ఒక్క కోర్సు ఎప్పుడు చెబుతారన్న దాని మీద మొత్తం ప్రణాళిక ఆధారపడింది. బ్రాంచ్ క్యాంపస్ కేసుల్లో నేను జీపీఏ కన్నా ముందు అడిగేది ఈ కోర్సుల వరుసే.

దారి ఒక్కటే ఉంది. మెయిన్ క్యాంపస్ ఫాల్‌లో నడిపే ఆన్‌లైన్ సెక్షన్. అందులో సీట్లు ముందు మెయిన్ క్యాంపస్ పిల్లలకిచ్చి, మిగిలితే బయటికి తెరుస్తారు. అది ఏ తేదీన తెరుస్తారో, వెయిట్‌లిస్ట్‌లో ఎవరిని ముందు తీసుకుంటారో వెబ్‌సైటులో ఎక్కడా లేదు. బ్రాంచ్ అడ్వైజర్‌కి మాత్రం తెలుసు. ఆవిడ మెయిన్ క్యాంపస్‌లోని ఆ విభాగం ఆఫీసుకి ఫోన్ చేసి, విద్యార్థి పేరు చెప్పి, కోర్సు తెరిచే రోజున అమ్మాయికి కబురు పెట్టింది. సీటు దొరికింది. ఆ తర్వాత "ఆవిడకేం తెలుస్తుంది" అన్న మాట తండ్రి నోట మళ్లీ వినలేదు.

వేసవి గురించి కాస్త వాదన జరిగింది. కాల్క్యులస్-2ని కమ్యూనిటీ కాలేజీలో వేసవిలో తేలిగ్గా పూర్తి చేయొచ్చని ఎవరో చెప్పారట. నేను ఒప్పుకోలేదు. బయటి కాలేజీలో చేసిన కోర్సుకు క్రెడిట్ వస్తుంది కానీ గ్రేడ్ ఇక్కడి జీపీఏలో కలవదు. మనకు కావలసిందే జీపీఏ పెరగడం. పైగా వేసవి దాకా ఆగితే దాని తర్వాతి కోర్సులన్నీ వెనక్కి జరుగుతాయి. అందుకని కాల్క్యులస్-2 స్ప్రింగ్‌లో ఇక్కడే, వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో సోషల్ సైన్స్ కోర్సు ఒకటి. అది కూడా చేరకముందే బయటి కోర్సు ఇక్కడి ఏ కోర్సుకు సమానమో చెప్పే ఈక్వివలెన్సీ పట్టికలో చూసుకుని, అడ్వైజర్ దగ్గర ఈమెయిల్లో సరేనని రాయించుకున్నాకే. నోటిమాటగా 'వస్తుందిలే' అన్న క్రెడిట్లు తర్వాత రాకుండా పోవడం నేను చాలా చూశాను.

కాల్క్యులస్-1లో బీ వచ్చింది కదా, మళ్లీ రాయిద్దామా అని తల్లి అడిగారు. వద్దన్నాను. అక్కడ రెండు గ్రేడ్లూ ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనిపిస్తాయి. బీ ఏమీ మచ్చ కాదు, ఆ సెమిస్టర్ సమయం కాల్క్యులస్-2కి కావాలి.

సిఫారసు ఉత్తరాల విషయానికి వస్తే బ్రాంచ్ క్యాంపస్ బలం తెలుస్తుంది. కాల్క్యులస్-2 క్లాసులో ఉన్నది ఇరవై చిల్లర మంది. మెయిన్ క్యాంపస్‌లో అదే కోర్సు పెద్ద హాల్లో, ప్రశ్నలకు జవాబిచ్చేది టీచింగ్ అసిస్టెంట్. ఇక్కడ ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌లో తలుపు తెరుచుకుని ఒక్కడే కూర్చుంటాడు. వారానికి ఒక్కసారైనా వెళ్లు, హోంవర్క్‌లో ఎక్కడ ఆగిపోయావో అది పట్టుకెళ్లు అన్నాను. మొదట్లో మొహమాటపడింది. అనంత శ్రేణుల పాఠం వచ్చేసరికి మొహమాటం ఎగిరిపోయింది. ఏ శ్రేణికి ఏ పరీక్ష వాడాలో అర్థంకాక, తాను కట్టిన తప్పు లెక్కలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని వెళ్లిందట. ఆయన వాటిని దిద్దలేదు, ఎక్కడ తప్పిందో ఆమెతోనే చెప్పించాడు. తర్వాత ఆయన రాసిన ఉత్తరంలో ఆ కాగితం ప్రస్తావన ఉందని అమ్మాయికి ఆయనే చెప్పాడు. మార్కులు మాత్రమే తెలిసిన ప్రొఫెసర్ అలా రాయలేడు.

సెమిస్టర్ చివర్లో ఆయనే మ్యాథ్ ట్యూటరింగ్ సెంటర్‌లో ఉద్యోగం ఇస్తానన్నాడు. అమ్మాయి సంబరంగా ఫోన్ చేసింది. హెచ్-4 పిల్లలు జీతానికి పనిచేయకూడదు, క్యాంపస్‌లో అయినా సరే. 'పోనీ ఊరికే చేస్తాను' అనడానికీ లేదు. మామూలుగా జీతమిచ్చే పనిని ఉచితంగా చేసినా అనుమతి లేని ఉద్యోగంగా లెక్కించే ప్రమాదముంది. ఆ పని వదులుకుని, తోటివాళ్లతో స్టడీ గ్రూప్ పెట్టుకుంది. లంచ్ కార్లోంచి లైబ్రరీకి మారింది.

జవాబులొచ్చాక

స్ప్రింగ్‌లో కాల్క్యులస్-2లో బీ ప్లస్, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఏ మైనస్, ప్రోగ్రామింగ్-2లో ఏ, ఫిజిక్స్‌లో బీ, చరిత్రలో ఏ. ఆ సెమిస్టర్ 3.55, మొత్తం 3.40.

ట్రాన్స్‌ఫర్ పెట్టిన మూడిట్లో ఒకటి కాదంది, ఒకటి వెయిట్‌లిస్ట్‌లో పెట్టి చివరికి కాదంది. మూడోది, వేరే రాష్ట్రంలో పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీ, రమ్మంది. తండ్రి ఆ ఉత్తరాన్ని బంధువులకు వాట్సాప్‌లో పంపేశాకే నాకు పంపారు. ఆయన సంతోషం నాకర్థమైంది. ఏ క్రెడిట్లను దేనికింద తీసుకుంటారో చెప్పే క్రెడిట్ ఎవాల్యుయేషన్ వచ్చేదాకా ఏ డిపాజిట్టూ కట్టొద్దని మాత్రం చెప్పాను.

అది వచ్చింది. 31 క్రెడిట్లనూ తీసుకున్నారు, 12 మాత్రం ఎలెక్టివ్‌లుగా పడ్డాయి. డిస్క్రీట్ మ్యాథ్స్ వాళ్ల దగ్గర మూడో ఏడాది కోర్సు కావడంతో దీన్ని దానికి సమానంగా ఒప్పుకోలేదు. సీటు ఇచ్చింది కంప్యూటర్ సైన్స్‌లో కాదు, 'అన్‌డిసైడెడ్'లో. మేజర్‌లోకి వెళ్లాలంటే అక్కడ రెండు సెమిస్టర్లు చదివి పోటీపడాలి. ఫీజు బయటి రాష్ట్రం వాళ్ల లెక్క. హెచ్-4 కాబట్టి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే విద్యా రుణం గానీ, పెల్ గ్రాంటు అనే ఉచిత సాయం గానీ లేవు. చాలా రాష్ట్రాల్లో హెచ్-4 పిల్లలకు సొంత రాష్ట్రంలో దొరికే ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లకు తక్కువగా ఉండే ఫీజు) కూడా వదులుకోవాలి.

తండ్రి వెళ్లమన్నారు, తల్లి ఇంటి దగ్గరే ఉండమన్నారు. నేను రెండు దారులూ పక్కపక్కన రాసిచ్చి ఊరుకున్నాను. అమ్మాయే తేల్చింది: "అక్కడికెళ్తే మళ్లీ క్యూలో చివర నిలబడాలి నాన్నా. ఇక్కడ సగం దూరం వచ్చేశాను." ఇల్లు, డబ్బు, పేరు ఏదీ తీసుకురాకుండా చెప్పింది కాబట్టి ఆ మాటకు నేను విలువిచ్చాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అదే కాలంలో ఇంకో బ్రాంచ్ నుంచి వచ్చిన అబ్బాయికి నేను వెళ్లిపొమ్మనే చెప్పాను. అతనికి కావలసిన మేజర్‌లో మొదటి ఏడాదే నేరుగా తీసుకుంటారు, బ్రాంచ్ నుంచి దారే లేదు. అలాంటప్పుడు ఉన్న చోట ఎంత బాగా చదివినా ఆ తలుపు తెరుచుకోదు. క్యాంపస్ భవిష్యత్తు కూడా అడిగి తెలుసుకోవాలి. పెన్ స్టేట్ బోర్డు 2025 మే నెలలో ఏడు కామన్వెల్త్ క్యాంపస్‌లను 2027 స్ప్రింగ్ సెమిస్టర్ తర్వాత మూసేయాలని తీర్మానించింది: డ్యుబాయిస్, ఫాయెట్, మాంట్ ఆల్టో, న్యూ కెన్సింగ్టన్, షెనాంగో, విల్క్స్-బార్, యార్క్. మూతపడబోయే చోట కోర్సుల వరుస ముందే పలచబడుతుంది. చేరేముందు ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఇప్పుడు

ఫాల్‌లో డేటా స్ట్రక్చర్స్‌లో బీ ప్లస్ వచ్చింది. మొత్తం జీపీఏ 3.38కి దిగినా గేటు దాటింది. కంప్యూటర్ సైన్స్‌లో ప్రవేశం దొరికింది, రెండో ఏడాది పూర్తిచేసుకుని మెయిన్ క్యాంపస్‌కి మారింది. అన్నీ నల్లేరు మీద నడకలా సాగలేదు. బ్రాంచ్‌లో లేని కంప్యూటర్ ఆర్గనైజేషన్ కోర్సు ఒకటి బాకీపడి వేసవిలో చేయాల్సొచ్చింది. హాస్టల్ గదుల్లో క్యాంపస్ మారి వచ్చినవాళ్ల వంతు చివర్లో రావడంతో బయట అద్దెకు చూసుకుంది. కొత్త చోట మొదటి మిడ్‌టర్మ్‌లు దెబ్బకొట్టాయి. ట్రాన్స్‌ఫర్ షాక్ అని మేం పిలిచేది ఇదే, క్యాంపస్ మారినవాళ్లకీ తగులుతుంది. ముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారుపడి కోర్సు డ్రాప్ చేయలేదు. మూడో వారానికే అక్కడి ఆఫీస్ అవర్స్ వేళలు పట్టుకుంది.

మిగిలింది వీసా. 21 నిండితే హెచ్-4 ఉండదు, ఆలోపు విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. ఇక్కడే ఉండి వీసా హోదా మార్పుకు ఐ-539 దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా ఇండియా వెళ్లి వీసా తెచ్చుకోవచ్చు. ఏ దారైనా ముందు కావలసింది కాలేజీ ఇచ్చే ఐ-20 అనే ప్రవేశ పత్రం. ట్రాన్స్‌ఫర్ ఆలోచన నడుస్తుండగా ఒక యూనివర్సిటీ ఐ-20తో ఫైలు పెట్టి, మధ్యలో ఇంకో చోటికి మారితే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు కూడా అటు బదిలీ చేయించుకోవాలి, కాగితాలు మెలికపడతాయి. అందుకే చదువు ఎక్కడన్నది తేలేదాకా ఆ పని ఆపమన్నాను. ఇప్పుడు మెయిన్ క్యాంపస్ ఇంటర్నేషనల్ ఆఫీసు ఐ-20 ఇచ్చింది, 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టారు. చాలా యూనివర్సిటీల్లో ఎఫ్-1కి మారగానే ఇన్‌స్టేట్ ఫీజు పోతుంది కాబట్టి, మార్పు ఏ సెమిస్టర్ నుంచి అమల్లోకి వస్తుందో రిజిస్ట్రార్ ఆఫీసును అడిగి రాతపూర్వకంగా తీసుకోమని చెప్పాను. మిగతాది వాళ్ల ఇమిగ్రేషన్ లాయరు చూస్తున్నారు.